బ్యాంకాక్‌లో మాలిష్ ఎంత?

ఆఫీసులో ఏసీ గాలి సరిగ్గా నా మెడ మీదే పడేది. గదిలో ఆరుగురం ఉండేవాళ్లం, మెడలు కూడా ఆరే ఉండేవి. అయినా ఆ గాలికి నా మెడే నచ్చింది. కుర్చీ జరుపుకుంటానని అడిగాను. టెలిఫోన్ వైరు అంత దూరం రాదన్నారు. ఏసీ తగ్గిస్తారా అని అడిగాను. అది కంప్యూటర్ల కోసం పెట్టించింది, మనుషుల కోసం కాదన్నారు. మనుషులు పాడైతే ఎవరి ఖర్చుతో వాళ్లే బాగుచేయించుకుంటారన్న మాట మాత్రం అనలేదు, మర్యాదస్తులు.

ఇది తొంభైల దశకం చివరి సంగతి. మా కిటికీలోంచి మాదాపూర్‌లో కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల భవనం కనిపించేది. మా ఆఫీసు అందులో కాదు, దాన్ని చూడగలిగినంత దూరంలో రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో. విజిటింగ్ కార్డు మీద 'హైటెక్ సిటీ ఎదురుగా' అని అచ్చు వేయించారు. ఆ భవనానికీ మాకూ నడుమ ఉన్న రాళ్లగుట్టల్నీ, వాటి మీద మేసే మేకల్నీ కార్డులో చేర్చలేదు, చోటు చాలక.

మా పని విదేశీ వెబ్‌సైట్ ఒకదానికి పేజీలు రాసివ్వడం. దేశదేశాలు తిరిగేవాళ్లు ఏ ఊళ్లో దేనికి ఎంత చెల్లించాల్సి రావచ్చో చెప్పే పేజీలు. రోములో టాక్సీకి ఎంత, కైరోలో బట్టలు ఉతికిస్తే ఎంత, పారిస్‌లో నిలబడి కాఫీ తాగితే ఎంత, కూర్చుని తాగితే ఎంత. నేను చేసిన ప్రయాణాల్లో పెద్దది కాలేజీ విహారయాత్రకి అరకు వెళ్లడం. అందులోనూ డబ్బులు లెక్చరర్ దగ్గరే ఉండేవి కాబట్టి దేనికి ఎంతో నాకు తెలియదు. ఇంగ్లీషులో ఎం.ఏ. చేశాను గనక ఏ ఊళ్లోనైనా తిరిగినట్టు రాయగలనని మా యజమానికి నమ్మకం. మూడు నెలల్లో నాకూ ఆ నమ్మకం కుదిరింది.

యజమాని విజయవాడలో ట్యుటోరియల్ కాలేజీ నడిపి వచ్చినవారు. పిల్లలకి చెప్పిన సూత్రమే మాకూ చెప్పేవారు. "ఖాళీ వదిలితే సున్నా అండీ. ఏదో ఒకటి రాస్తే సగం మార్కులన్నా పడతాయి." వెబ్‌సైట్ వాళ్లకి మార్కులు వేసే అలవాటు లేదని ఎవరూ గుర్తు చేయలేదు. మొత్తానికి ఆ ఆఫీసు నుంచి ఒక్క ఖాళీ కూడా బయటికి పోలేదు. తెలిసింది రాశాం, తెలియనిది ఇంకా శుభ్రంగా రాశాం.

ఒకరోజు కొత్త జాబితా వచ్చింది. అందులో బ్యాంకాక్. హోటలు గది, పడవ ప్రయాణం, థాయ్ మసాజ్. మొదటి రెండూ మామూలు గొంతుతో చదివి, మూడోది యజమాని తలుపు వైపు చూసి చదివారు. ఆ తర్వాత ఎప్పుడు దాని ప్రస్తావన వచ్చినా 'ఆ పేజీ' అనేవారు. ఆ పేజీ ఎంతవరకు వచ్చిందండీ, ఆ పేజీ ఆడపిల్లలకి ఇవ్వకండి. మా ఆరుగురిలో ఉన్న ఆడపిల్లలిద్దరూ అప్పటికే గ్రంథాలయం నుంచి రెండు పాత గైడు పుస్తకాలు తెచ్చి, దాని మీద నాకంటే ఎక్కువ చదివేశారు. పడుకోబెట్టి నూనె లేకుండా, బట్టలతోనే చేస్తారనీ, మోకాళ్లతో మోచేతులతో నొక్కుతారనీ, గుడి ఆవరణలో దాన్ని నేర్పే బడి కూడా ఉందనీ వాళ్లే నాకు చెప్పారు. ధరలు మాత్రం ఆ పుస్తకాలు అచ్చయిన నాటివి. అప్పటికీ ఇప్పటికీ అక్కడి డబ్బు విలువే తలకిందులైందని పేపర్లలో చదివాం.

అప్పుడు యజమానికి తన బావగారు గుర్తొచ్చారు. ఆయన గుంటూరు వైపు ఎరువుల డీలరు. ఎక్కువ బస్తాలు అమ్మిన డీలర్లను కంపెనీలు విదేశాలు తీసుకెళ్లడం ఆ రోజుల్లో ఆనవాయితీ. ఎన్ని బస్తాలైతే అంత దూరం. బావగారి బస్తాలు ఆయన్ని బ్యాంకాక్ దాకా చేర్చాయి. అదృష్టవశాత్తూ అదే వారం ఆయన భార్యతో సహా చందానగర్‌లో యజమాని ఇంటికి వస్తున్నారు. నేను ఉండేది ఆ పక్క వీధిలోనే, అద్దె గదిలో. ఆదివారం భోజనానికి పిలిచారు. తిండి, వృత్తి ఒకేచోట జరిగిపోతాయని సంతోషంగా వెళ్లాను.

గుత్తివంకాయ కూర అయ్యాక, పప్పులోకి వచ్చేవేళ అడిగాను, అక్కడ మసాజ్‌కి ఎంత తీసుకుంటారండీ అని. యజమాని అక్కగారు పప్పు వడ్డిస్తున్నారు. గరిటె గాల్లో ఆగింది.

బావగారు తాను చేయించుకోలేదన్నారు. తర్వాత చేయించుకున్నానన్నారు, కాళ్లకి. కాళ్లకే. బస్సులో తిప్పి తిప్పి వాచిపోతే, కూడా వచ్చిన కంపెనీ మనిషి బలవంతం చేశాడన్నారు. ఎంతయిందో చెబితే పేజీ పూర్తవుతుందని నేను మళ్లీ అడిగాను. ఆయన విస్తరిలోని అన్నంతో చెబుతున్నట్టుగా "రెండొందలు" అన్నారు.

"కాళ్లకి రెండొందలా?" అన్నారు అక్కగారు. "ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను, ఆ కాళ్లకి ఏనాడూ నొప్పన్నది ఎరగం."

పప్పు నాకు వడ్డించారు. ఆయనకి వడ్డించలేదు.

రెండొందలు అంటే అక్కడి డబ్బులో, రెండొందల బాట్. బాటూ రూపాయీ అప్పట్లో ఇంచుమించు సమానంగా నడిచేవి. గదికి వచ్చి ఆ అంకెను పరిశీలించాను. ఖర్చు చెప్పుకోవడంలో మనవాళ్లకి రెండు పద్ధతులున్నాయి. విదేశం వెళ్లొచ్చిన మనిషి నలుగురిలో చెప్పేటప్పుడు ఉన్నదాన్ని పెంచి చెబుతాడు, ఎదుటివాడు నోరు తెరవాలని. మగవాడు భార్య వింటుండగా చెప్పేటప్పుడు సగానికి తగ్గించి చెబుతాడు, ఎదుటిమనిషి నోరు తెరవకూడదని. ఇవి రెండూ చిన్నప్పటినుంచి చూస్తున్నవే. మా నాన్న కొన్న చొక్కాల ధర మా అమ్మకి ఈనాటికీ తెలియదు. అయినా బావగారు మొదటి పద్ధతిలో చెప్పారని నిర్ణయించుకున్నాను. గరిటె సంగతి లెక్కలోకి తీసుకోలేదు. డాబు కోసం పెంచింది తీసేస్తే ఎంత మిగులుతుందో అంచనా వేసి, సోమవారం పేజీ రాశాను.

గంటసేపు సంప్రదాయ థాయ్ మసాజ్‌కి ప్రయాణికులు నూట ఇరవై నుంచి నూట యాభై బాట్ చెల్లించాల్సి రావచ్చు. పెద్ద హోటళ్లలో ఇంతకంటే ఎక్కువ. చిరునవ్వుతో బేరమాడడాన్ని అక్కడ ఎవరూ తప్పు పట్టరు. గుడి ఆవరణలోని బడి సంగతి కూడా కింద రాశాను. ఇంగ్లీషులో ఇంకా బాగుండింది. ఆ చిరునవ్వు ముక్క నా సొంతం. చిరునవ్వుల సంగతి గైడు పుస్తకాల్లో ఉంది, బేరం సంగతి మోండా మార్కెట్లో చూసింది, రెండూ కలిపాను. యజమాని చదివి, అక్కడ పుట్టినవాడు రాసినట్టుందన్నారు. పేజీ ఇంటర్నెట్‌లోకి వెళ్లిపోయింది. మెడ నొప్పి నాతోనే ఉండిపోయింది.

మెడ కోసం నేను వెళ్లేది చందానగర్ బజారులో, బొంబాయి రోడ్డు పక్కనున్న ఒక మంగలి షాపుకి. రెండు అద్దాలు, ఒకటే కుర్చీ. నడిపేది నలభై అయిదేళ్ల మనిషి, నల్లగండ్ల ఊరివాడు. నన్ను సారు అంటూనే నువ్వు అనేవాడు. నేను మీరు అంటే మొదట్లో అనుమానంగా చూసేవాడు, బాకీ పెట్టే బేరమేమోనని. గోడ మీద బోర్డు ఉండేది. కటింగ్ ఇంత, షేవింగ్ ఇంత, పిల్లలకి ఇంత. మాలిష్ మాత్రం బోర్డులో లేదు. చేయించుకుని ఎంత అని అడిగితే "నీ ఇష్టం" అనేవాడు. గట్టిగా అడిగితే, కటింగుకు పైసలు, మాలిష్‌కు ఖుషి అనేవాడు. వాళ్ల నాయన ఊళ్లో ఇంటింటికీ వెళ్లి పనిచేసి, పంట నూర్చినప్పుడు గింజలు తెచ్చుకునేవాడట. పెళ్లికొడుకులకి, జ్వరం తగ్గి లేచినవాళ్లకి ఒళ్లు పట్టేవాడట. ఆ చేతిపనికి ధర చెప్పడమన్నది వాళ్లింట్లో ఎవరూ చేయలేదు.

ఆ వారం నా మెడ పట్టుకుని, కంప్యూటర్‌లో ఏం రాస్తావని అడిగాడు. చెప్పాను. బ్యాంకాక్‌లో మాలిష్‌కి ఎంతవుతుందో రాశానని చెప్పగానే చేతులు ఆగిపోయాయి.

"ముందుగాలనే చెప్తరా ఆళ్లు, గింత అని?"

"చెప్తారు. బోర్డు మీద రాసిపెడతారు."

"మాలిష్‌ది? బోర్డు మీద?" అన్నాడు. దువ్వెన తీసుకుని నా తల దువ్వడం మొదలుపెట్టాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు.

షాపు జాగా ఓనరుకి ఎస్టీడీ బూతూ, ఇంటర్నెట్టూ కలిపి పెట్టాలని బుద్ధి పుట్టింది. దసరా వెళ్లగానే ఖాళీ చేయమన్నాడు. వెనక గల్లీలో ఇంకో మడిగె, అంటే షాపు గది, ఉంది కానీ కిరాయి ఎక్కువ. అది కట్టలేకపోతే బాలానగర్‌లో బామ్మర్ది షాపుకి వెళ్లాలి. అక్కడ రెండో కుర్చీ ఖాళీగా ఉంది. ఆ బామ్మర్దికి కత్తెర పట్టడం నేర్పింది ఇతనే. రెండో కుర్చీ అన్నప్పుడు దువ్వెనతో నా తలని అవసరం లేకుండా ఇంకోసారి దువ్వాడు.

ఇంతలో ఒక దారి కనబడింది. కొండాపూర్‌లో ఒక కంపెనీ గెస్ట్‌హౌస్‌లో విదేశాల ఇంజనీర్లు దిగుతున్నారు. విమానాల్లో వచ్చి నడుములు పట్టేసినవాళ్లు. వాళ్లకి మాలిష్ చేసే మనిషి కావాలని మేనేజరు వెతుకుతున్నాడు. వారానికి ఏడెనిమిది మందికి తక్కువ కాదు. గంటకి రెండొందలు దొరికితే వెనక గల్లీ మడిగె నిలబడుతుంది. అతను లెక్క వేసుకున్నాడు. చిక్కల్లా ఒక్కటే.

"ఆదివారం వచ్చి రేటు చెప్పమన్నడు సారు. గదే పరేషాన్. నా నోటికెళ్లి రాదు అది."

రెండొందలు అడగడం న్యాయమేనన్నాను. బ్యాంకాక్‌లోనే అంత తీసుకుంటారని బావగారి మాట చెప్పాను. నా పేజీలో వేరే అంకె ఉన్న సంగతి చెప్పలేదు. పేజీలో ఉన్నది ప్రయాణికుల కోసం, ఇది మనవాడి కోసం. రెండింటికీ ఒకే అంకె ఉండాలని నాకు తోచలేదు.

అద్దంలో నన్ను మేనేజరుగా అనుకుని చెప్పమన్నాను. "రెండొందలు సారు, నీ ఇష్టం" అన్నాడు. చివరిది వద్దన్నాను. "రెండొందలు. జర చూసి ఇయ్యి" అన్నాడు. అదీ వద్దన్నాను. అప్పుడు రెండొందలు అని ఆగి, పెదాలు బిగించి, కళ్లతో 'నీ ఇష్టం' అన్నాడు. నాలుగు రోజులు సాయంత్రం పూట వెళ్లి కూర్చున్నాను. శుక్రవారానికి కళ్లు కూడా దారికొచ్చాయి. శనివారం గడ్డం చేయించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, ఏంది ఇయ్యాల ఊకె రెండొందలు రెండొందలు అంటున్నవు, గడ్డానికా అని అడిగి లేచి నిలబడ్డాడు.

ఆదివారం ఇద్దరం కొండాపూర్ వెళ్లాం. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఇంగ్లీషు అవసరమైతే ఉంటానని నన్ను రమ్మన్నాడు. అవసరం రాలేదు. మేనేజరు కాకినాడ మనిషి, రైల్వే క్యాంటీన్లలో పనిచేసి రిటైరైనవారు, చాలా మర్యాదస్తులు. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, రేటు అడిగారు.

"గంటకు రెండొందలు సార్" అన్నాడు మావాడు. అని, నోరు మూసుకున్నాడు. కళ్లు కూడా ఏమీ అనలేదు. నాకు గర్వంగా అనిపించింది.

మేనేజరు కోప్పడలేదు. సొరుగు తెరిచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టారు. కంపెనీలో కంప్యూటర్ మీద వెతికించి అచ్చు తీయించారట. తలకిందులుగా ఉన్నా నేను పోల్చుకున్నాను. మూడో వాక్యంలో చిరునవ్వు ఉంది.

"ఊరికే అనడం లేదండీ, చూడండి" అన్నారు. "బ్యాంకాక్‌లో నూట ఇరవై. వాళ్లు దానికోసం బళ్లో చదువుకుంటారటండీ. చందానగర్‌లో రెండొందలంటే, రేపు పైవాళ్లు అడిగితే నేనేం చెప్పను?"

ఇంటర్నెట్‌లో ఉన్నవన్నీ నిజం కావండీ అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశారు.

"లేదండీ, ఇది బాగా తెలిసినవాళ్లెవరో రాశారు. ఒక్క చోట తడబాటు లేదు. బేరమాడొచ్చని కూడా వాళ్లే రాశారు."

నా రాతని అంతకుముందు యజమాని తప్ప ఎవరూ మెచ్చుకోలేదు. రెండు క్షణాలపాటు సంతోషం కలిగిన మాట నిజం. తర్వాత పక్కకి చూశాను. మావాడు నన్నే చూస్తున్నాడు. అతనికి ఇంగ్లీషు రాదు గానీ, బ్యాంకాక్ మాలిష్ గురించి కంప్యూటర్‌లో రాసే మనిషి ఒకడు తెలుసు. నేను ఏదైనా అంటానని ఎదురుచూశాడు. అది రాసింది నేనేననీ, నాకేమీ తెలియదనీ అనొచ్చు. చిన్న వాక్యమే. కాఫీ కప్పు సాసర్‌లో పెట్టి, దాన్ని మధ్యకి జరిపాను.

మేనేజరు అరవై అన్నారు. అక్కడి ధరలో సగమనీ, టిఫిను తమ దగ్గరేననీ అన్నారు.

"మీ ఇష్టం సార్" అన్నాడు మావాడు.

బస్సులో ఇద్దరం ఒకే సీటులో కూర్చున్నాం. టిఫిను పెడతారట, మంచిదే అన్నాడు. అవునన్నాను.

బావగారు ఊరికి తిరిగి వెళ్లేరోజు సామాను మోయడానికి లింగంపల్లి స్టేషన్‌కి నేనూ వెళ్లాను. అక్కగారు నీళ్ల సీసా నింపుకోవడానికి కుళాయి వైపు వెళ్లగానే ఆయన నా మోచెయ్యి పట్టుకుని, పేజీలో ఎంత రాశావని అడిగారు. చెప్పాను. ఆయన మొహం చూస్తే ఆ ధరకి మళ్లీ వెళ్లొద్దామనుకుంటున్నట్టు ఉంది.

"నాలుగొందలబ్బాయ్" అన్నారు. "ఆవిడ గరిటె పట్టుకుని నిలబడితే ఎలా చెప్పను? అంత చదువుకున్నావు, ఆమాత్రం తెలియదూ?"

పేజీ దిద్దుదామని యజమానితో అన్నాను. దిద్దినదానికి వాళ్లు డబ్బులివ్వరన్నారు. జవాబు పత్రం ఇచ్చేశాక వెనక్కి తీసుకోరు కదండీ అని కూడా అన్నారు. మర్నాడు ఇస్తాంబుల్‌లో కార్పెట్ల మీదకి వెళ్లిపోయాను.

దసరా వెళ్లిన వారం షాపుకి వెళ్లాను. బోర్డు తీసి గోడకి ఆనించారు. ఒక అద్దం అప్పటికే బాలానగర్ చేరింది. వారానికి మూడు రోజులు కొండాపూర్‌లో, మిగతా రోజులు బామ్మర్ది షాపులో అన్నాడు. వెనక గల్లీ మడిగెలో జెరాక్స్ మిషను పెట్టారట. ఇదే ఆఖరి మాలిష్ ఇక్కడ అని నన్ను కూర్చోబెట్టాడు. మెడ అలాగే ఉంది, ఏసీ కూడా.

బొటనవేళ్లు మెడ కింద పెట్టాక చెప్పాను. ఆ కాగితం నాదేనన్నాను. తెలుసన్నట్టు ఊ అన్నాడు.

"బ్యాంకాక్ పోయొచ్చినవా నువ్వు?"

"లేదు."

"ఆళ్ల మాలిష్ ఎన్నడన్న చేపిచ్చుకున్నవా?"

లేదనీ, నాకు తెలిసిన మాలిష్ ఇదొక్కటేననీ చెప్పాను. మరి బ్యాంకాక్‌లో రెండొందలన్న పెద్దమనిషి అని అడిగాడు. ఆయన నిజానికి నాలుగొందలు ఇచ్చాడట అన్నాను. అతని చేతులు ఆగలేదు, తొందరపడలేదు కూడా. భుజం దాకా వెళ్లి మళ్లీ పైకి వచ్చాయి. నాకే మాటలు ఆగలేదు. పెంచి చెప్పే పద్ధతి, తగ్గించి చెప్పే పద్ధతి వివరించాను. మా ఆఫీసులో ఖాళీ వదలడం కుదరదనీ, ఏదో ఒకటి రాయాలనీ, అది పరీక్షల దగ్గర్నుంచి వచ్చిన అలవాటనీ చెప్పాను. చెబుతుంటే నాకే చాలా సబబుగా వినిపించింది.

అతను నా గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి పెట్టి, ఇటోసారి అటోసారి తిప్పాడు. రెండుసార్లూ పటుక్కుమంది. తువ్వాలు తీసి దులిపాడు.

"తెల్వదని రాస్తె ఏం పోతుండె సారు?" అన్నాడు.